వేగమునకు ఆటంకముల గురించి

ఆ రోజుల్లో నాకు తెలుగు బాగా వచ్చని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఇలాంటి నమ్మకాల వల్ల మామూలుగా ఎవరికీ పెద్ద నష్టం ఉండదు. పెళ్ళిలో పాట పాడతానని లేచేవాడి వల్ల భోజనాలు పావుగంట ఆలస్యమవుతాయి, అంతే. నా నమ్మకం వల్ల మాత్రం ఒక మనిషికి నడక పోయింది. ఈ సంగతి నేను చాలామందికి నవ్విస్తూ చెప్పాను. విన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు కూడా. ఎందుకంటే నేను సగమే చెప్పేవాణ్ణి. మిగతా సగం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మొత్తం చెబుతున్నాను, ఎక్కడ నవ్వాలో ఎక్కడ ఆపాలో మీ ఇష్టం.

డిగ్రీలో స్పెషల్ తెలుగు చదివి, బెజవాడ వచ్చి, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఫ్లెక్సీల షాపులో చేరాను. నా పని మ్యాటరు రాయడం. అంటే పుట్టినరోజు జరుపుకునే నాయకులకు బిరుదులు తయారుచేయడం, పోయినవాళ్ళకు అశ్రునివాళి, ఓణీల ఫంక్షన్‌కి ఆహ్వానం. (ఒకసారి అశ్రునివాళి ఫ్లెక్సీలో ‘మీ రాకకై ఎదురుచూస్తూ’ అని పడింది. అది నా తప్పు కాదు, కంప్యూటరు అబ్బాయి పాత ఫైలు మీదే కొత్తది చేశాడు. కానీ తిట్లు నాకే పడ్డాయి.) మా ఓనరు నా రాత చూసి, “ఏందో గానీ, నీ తెలుగు పెద్దగా కనపడుద్దయ్యా” అనేవాడు. నేను దాన్ని మెచ్చుకోలు కింద జమకట్టుకునేవాణ్ణి. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి. ఒకటి రాయడానికి, ఇంకొకటి నేను రాసేవాణ్ణని పదిమందికీ తెలియడానికి.

షాపుకి నడిచి వెళ్ళేంత దూరంలో, టీచరమ్మ గారి డాబా మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆవిడ మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మనిషి సన్నగా, మాట సూటిగా ఉంటుంది. ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంటులో ప్రెసిడెంటు గారుండేవారు. గుడివాడ వైపు వ్యవసాయం చేసి చేసి విసుగెత్తి, పట్నం వచ్చి హార్డ్‌వేరు షాపు పెట్టుకున్న పెద్దమనిషి. అపార్ట్‌మెంటుకి ఎప్పుడో ఒక్క ఏడాది ప్రెసిడెంటుగా చేశారు, ఆ పేరు అట్లాగే ఉండిపోయింది. మా రెండిళ్ళకీ మధ్యనున్న రోడ్డే ఈ కథంతా. సర్కిల్ దగ్గర సిగ్నలు తప్పించుకోవాలనుకునే ప్రతి బండీ ఆ రోడ్డులోకి దూరేది. ఇసుక లారీలు, కాలేజీ బస్సులు, మంగళగిరి నుంచి చీరల మూటలు వేసుకొచ్చే ఆటోలు, అన్నీ దాని మీదే. పైగా మా ఇళ్ళ దగ్గరే పెద్ద వంపు. వంపు తిరిగేదాకా వచ్చేది లారీయో స్కూటరో తెలియదు, తెలిసేసరికి అది మన మీదికి వచ్చేసి ఉంటుంది.

ఆ వంపులోనే ఇస్త్రీ బాబాయి బండి. రోడ్డు మీదికి రెండడుగులు చొచ్చుకుని ఉండేది. బాబాయి బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేస్తుంటే, పిన్ని రోడ్డుకి రెండు వైపులా ఉన్న ఇళ్ళు తిరిగి బట్టలు తెచ్చేది, చేసినవి ఇచ్చేది. పిన్నికి ఎడమ చెవి వినపడదు. లారీలు వచ్చేది ఎడమ పక్క నుంచే. ఒకరోజు ఒక లారీ అద్దం ఆవిడ తలకి జానెడు ఎడంగా దూసుకుపోయింది. పిన్ని దాన్ని గమనించనే లేదు, నెత్తిన మూటతో తాపీగా మా గుమ్మంలోకి వచ్చి “అబ్బాయిగారూ, మీ చొక్కాకి గుండీ లేదు, కుట్టించేదా?” అని అడిగింది. వెనక బాబాయి ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడిపోయి ఉన్నాడు. బల్ల మీద ఎవరిదో ప్యాంటు కాలి పొగ వస్తోంది. ఆ సాయంత్రం బాబాయి టీచరమ్మ గారి మెట్ల మీద కూర్చుని, “రోజుకి ఇరవై సార్లు దాటుద్దండీ ఆ రోడ్డు. నేను బట్టల మీద చూపు పెట్టాలా, దాని మీద పెట్టాలా? ఆ వంపు కాడ చిన్న బ్రేకరు ఏయిత్తే చాలండీ. మీరందరూ పెద్దోళ్ళు, ఒక మాట అడగండి” అన్నాడు. అంతకుముందెప్పుడూ ఆయన మా దగ్గర ఏదీ కావాలని అడిగిన మనిషి కాదు.

అడిగాం. అడగటం అంటే మనకి తెలిసిన దారి ఒక్కటే, అర్జీ. డాబా మీద మీటింగు పెట్టారు. టీచరమ్మ గారు చిన్న ప్రార్థన చేసి మొదలుపెట్టారు, ప్రెసిడెంటు గారు కొబ్బరికాయ కూడా కొడదామన్నారు గానీ కాయ దొరకలేదు. వీధిలో అప్పటిదాకా చెత్తబుట్ట దగ్గర మాత్రమే ఒకరితో ఒకరు మాట్లాడుకున్న వాళ్ళంతా (అదీ, ఎవరి చెత్త ఎవరి గుమ్మం ముందుందన్న విషయం మీదే) ఆ రోజు ఒకే చాప మీద కూర్చున్నారు. “నన్ను రాయమంటారా? రోడ్డు వంపు దగ్గర రెండు స్పీడ్ బ్రేకర్లు వెయ్యండి, ఇట్లు కాలనీవాసులు. ఒక్క ముక్క, అయిపోద్ది” అన్నారు టీచరమ్మ గారు. “అబ్బే, అట్టా రాస్తే ఎవడు పట్టించుకుంటాడమ్మా? చూడగానే వాడు లేచి నిలబడాలి. మన పండితుడున్నాడుగా!” అన్నారు ప్రెసిడెంటు గారు. పండితుడంటే నేనే. నేను తల వంచుకుని సిగ్గుపడుతున్నట్టు కనపడ్డాను. లోపల మాత్రం అప్పుడే ‘కృష్ణవేణీ తీరమున’ అని మొదలుపెట్టేశాను.

మూడు రోజులు రాశాను. కృష్ణవేణీ తీరమున వెలసిన యీ విజయవాటికా నగరమందు, జనసమ్మర్దభరితమైన మా రహదారి యొక్క దుస్థితి వర్ణనాతీతమని చెప్పి, తరవాత ఒకటిన్నర పేజీ దాన్నే వర్ణించాను. అంతా బాగానే ఉంది, ఒక్క స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆగిపోయింది. అంత గొప్ప అర్జీలో స్పీడ్ బ్రేకర్ అని రాయడానికి నా చెయ్యి రాలేదు. ‘వేగనిరోధకము’ అని రాశాను. ప్రెసిడెంటు గారు చదివి కళ్ళజోడు తీశారు. “ఈ నిరోధకం ఏందయ్యా? ఆడవాళ్ళు కూడా సంతకాలు పెట్టాలి.”

“వేగనిరోధకం అంటే స్పీడ్ బ్రేకరేనండీ.”

“నువ్వెన్ని చెప్పు. ఆ మాట చదవగానే నాకు గవర్నమెంటాసుపత్రి గోడ గుర్తొస్తంది. మార్చెయ్.”

మార్చాను. డాబా మీద అటూ ఇటూ తిరిగి తిరిగి, ‘ఆటంకము’ అన్న మాట దొరికింది. ఎంత హుందాగా ఉందో చూడండి! నిండుగా, మర్యాదగా, ఆడవాళ్ళు కూడా సంతకం పెట్టగలిగినట్టు ఉంది. పైన విషయము అన్న చోట గీత గీసి ‘రహదారిపై వాహన వేగమునకు ఆటంకముల గురించి’ అని రాశాను. చివర్లో ‘పై విషయమై తమరు తక్షణమే తగు చర్య గైకొని మా ప్రాణములను కాపాడగలరని’ ముగించాను. ఆటంకములు కావాలో వద్దో మాత్రం రెండు పేజీల్లో ఎక్కడా లేదు. నాకు తట్టలేదు. మాకేం కావాలో మాకు తెలుసు కదా, ఇంక రాయడమెందుకు? బాబాయికి చదివి వినిపిస్తే చేతులు కట్టుకుని విని, “పురాణం లాగుంది బాబూ, నాకొక్క ముక్క అర్థమైతే ఒట్టు” అన్నాడు. నాకు ఛాతీ ఇంత లావయింది. మొదటి సంతకం ప్రెసిడెంటు గారిది, రెండోది బాబాయిది. ఆయన పెన్ను పట్టుకుని, గాలి పీల్చుకుని, ఒక్కో అక్షరం ఇస్త్రీ చేసినట్టు పెట్టాడు.

సోమవారం అర్జీలు తీసుకునే రోజు. రెండు ఆటోల్లో వెళ్ళాం. ఏ ఆఫీసో చెప్పను, నాకు అక్కడ ఇంకా పనులున్నాయి. గుమాస్తా గారు నా రెండు పేజీలు అందుకుని, బరువు చూసినట్టు చేత్తో ఓసారి ఊపి, పైనున్న విషయము ఒక్కటే చదివారు. పాపం, ఆయన ముందు ఇంకా మూరెడు ఎత్తు కాగితాలున్నాయి. “ఆటంకాలా? ఎక్కడ?” అన్నారు. “వంపు దగ్గరండీ, ఇస్త్రీ బండి ఉంటుంది చూడండి, సరిగ్గా అక్కడ” అన్నారు ప్రెసిడెంటు గారు. గుమాస్తా గారు ఎర్ర పెన్ను తీసి మార్జిన్‌లో ‘ఇస్త్రీ బండి’ అని రాసుకుని కింద గీత గీశారు. “ఇంకా?” అంటే, “ఆ పైనొకటి, ఈ కిందొకటి. మొత్తం మీద బళ్ళు ఇబ్బంది పడుతున్నాయా లేదా అన్నది కాదండీ, ప్రాణాలు ముఖ్యం” అన్నారు ప్రెసిడెంటు గారు. “అర్థమైంది. చేయిద్దాం” అన్నారాయన. గుర్తు అంత కచ్చితంగా రాసుకున్నందుకు మాకందరికీ ఆయన మీద గౌరవం కలిగింది. బయటికొచ్చి వేడి వేడి పునుగులు తిన్నాం. బాబాయి నా పొట్లంలో తన అల్లం చట్నీ కూడా వేశాడు.

రెండు వారాలు తిరక్కుండానే పనివాళ్ళు వచ్చేశారు. అంత త్వరగా వస్తారని మేమెవ్వరం అనుకోలేదు. ప్రెసిడెంటు గారు ఇంటి ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు, టీచరమ్మ గారు ఫ్యాను బయటికి పెట్టారు. పిన్ని స్వయంగా టీ కాచి పనివాళ్ళందరికీ గ్లాసుల్లో పోసి ఇచ్చింది. ముందు వాళ్ళు గుంటలన్నీ పూడ్చారు. మంచిదే కదా అనుకున్నాం. మా వీధి మొగలో ఎవరో పెట్టిన రెండు పెద్ద రాళ్ళు పెకలించి ట్రాక్టర్లో వేశారు. సరే, బ్రేకరుకి చోటు చేస్తున్నారనుకున్నాం. ఈ చివర నుంచి ఆ చివరకి నల్లగా తారు పరిచి, రోలరు తిప్పి, అద్దం చేశారు. ఆ తరవాత వ్యాను వెనక్కి వచ్చి వంపులో ఆగింది. నలుగురు దిగి బాబాయి బండికి నాలుగు పక్కలా చేరారు.

“అయ్యా, అది నా బండండీ, పడెయ్యమాకండి, బొగ్గులున్నయ్యి” అన్నాడు బాబాయి, వాళ్ళు దాన్ని పక్కకి జరుపుతున్నారనుకుని. పెద్ద మేస్త్రీ జేబులోంచి కాగితం తీశాడు. “వాహన వేగానికి ఆటంకాలు తొలగించమని మీ కాలనీవాళ్ళే అర్జీ పెట్టారు. ఇదిగో, ఇస్త్రీ బండి అని స్పెషల్‌గా రాసుంది. సంతకాలు కూడా ఉన్నాయి. ఈ రెండోది ఎవరిది?” బాబాయి దగ్గరికెళ్ళి, కళ్ళు చిట్లించి చూసుకున్నాడు. “నాదేనండీ” అన్నాడు. మేస్త్రీ అతని వంకా బండి వంకా చూసి, ఇంకేమీ అడగలేక వ్యాను డోరు తీయించాడు. నేను పరిగెత్తుకెళ్ళాను. అది నేనే రాశానని, దాని అర్థం ఇది కాదని, ఆటంకములు కావాలని మా భావమని అరిచాను. అతను నా జేబులో పెన్నులు చూసి, “మీరే రాశారా? చాలా బాగుంది సార్ తెలుగు” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. బండి వెళ్ళిపోయింది. బొగ్గుల వాసన మాత్రం సాయంత్రం దాకా ఉంది.

మర్నాడు ప్రెసిడెంటు గారి ఫోనుకి మెసేజీ వచ్చింది, మీ అర్జీ సంతృప్తికరంగా పరిష్కరించబడినది అని. (ఎవరి సంతృప్తో అందులో లేదు.) అప్పటిదాకా గుంటలకీ, రాళ్ళకీ, ముఖ్యంగా బాబాయి బండికీ జడిసి ఆ వంపులో ప్రతివాడూ తిట్టుకుంటూ నెమ్మదించేవాడని మాకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు తిట్టుకోవడానికి ఏమీ లేదు. లారీలు గాలిలా పోతున్నాయి. టీచరమ్మ గారు ఈసారి నాకు చెప్పకుండా తనే ఒక్క ముక్కలో అర్జీ రాసి పట్టుకెళ్ళారు. “ఒకే కాలనీ నుంచి తియ్యమని ఒకటి, వెయ్యమని ఒకటా? ముందు మీరూ మీరూ మాట్లాడుకుని రండమ్మా” అని పంపించేశారట. కాలనీలో ఒక్కరూ నన్ను మాటనలేదు. టీచరమ్మ గారు చోటిచ్చిన వరండాలో పాత టేబులు మీద ఇస్త్రీ చేసుకుంటూ బాబాయే నాకు ధైర్యం చెప్పాడు. “నువ్వు మంచికే రాశావు బాబూ. ఆళ్ళకి చదవటం రాలా.” ఛీ, ఆ మాట నేను నమ్మాను కూడా! షాపుకి వెళ్ళి, ఈ ఆఫీసుల వాళ్ళకి తెలుగు రాదని, ఆటంకములంటే ఏం చేశారో చూడండని, మేస్త్రీ గొంతుతో సహా చేసి చూపించేవాణ్ణి. అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. వచ్చిన ప్రతి కస్టమరుకీ మా ఓనరు నన్ను పిలిచి మరీ చెప్పించేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం అట్లాగే చెబుతున్నాను. ఎర్ర పెన్నుతో ‘ఇస్త్రీ బండి’ అని రాసుకున్న చోటు దగ్గరికి వచ్చాను. అక్కడ అందరూ నవ్వుతారని తెలుసు, కాసేపు ఆగాను. ఫోను మోగింది. టీచరమ్మ గారు. “నాన్నా, తొందరగా రా. పిన్నిని లారీ కొట్టింది” అన్నారు.

కొట్టింది అంటే, లారీ పక్కనున్న ఇనప కొక్కెం ఆవిడ నెత్తి మీద మూటకి తగులుకుని, మూటతో పాటు మనిషిని ఈడ్చింది. నేను వెళ్ళేసరికి రోడ్డంతా బట్టలు. ఇస్త్రీ చేసిన చొక్కాలు, మడత కూడా చెదరకుండా, ఒకదాని పక్కన ఒకటి. లారీ ఆగలేదు, ఆ నున్నటి రోడ్డు మీద ఆగాల్సిన అవసరం ఏముంది? డ్రైవరు చూశాడో లేదో కూడా తెలియదు. పిన్ని స్పృహలోనే ఉంది. “బట్టలు తియ్యండి, తొక్కుతారు” అంటోంది. తొడ ఎముక రెండు చోట్ల విరిగింది, తుంటి నలిగింది. ఆపరేషన్లు చేశారు. బతికింది. నడక మాత్రం తిరిగి రాలేదు. గోడ పట్టుకుని వరండా చివరదాకా వస్తుంది, అంతే. రోజుకి ఇరవై సార్లు రోడ్డు దాటిన మనిషి.

పిన్ని ఆస్పత్రి నుంచి వచ్చిన తరవాతి ఆదివారం, ఎవరూ మీటింగు పెట్టలేదు, ఎవరూ ఎవరినీ పిలవలేదు. పొద్దున్నే ప్రెసిడెంటు గారు షాపు తెరిచి త్వరగా గట్టిపడే రకం సిమెంటు బస్తాలు ట్రాలీ రిక్షాలో వేయించుకొచ్చారు. అపార్ట్‌మెంటు వాళ్ళు బాత్రూము పగలగొట్టిన ఇటుక ముక్కలు మోసుకొచ్చారు. ఆడవాళ్ళు వరసగా నిలబడి బిందెలతో నీళ్ళందించారు. ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళే టీచరమ్మ గారు ఆ తెల్లచీరతోనే నడిరోడ్డు మీద గొడుగు అడ్డం పెట్టి నిలబడ్డారు. లారీవాడెవడో హారను కొడితే, “కొట్టు నాయనా, ఎంతసేపు కొడతావో కొట్టు. ఈ ఒక్కవారం ప్రభువు నన్ను ఇక్కడే చూసుకుంటాడు” అన్నారు. “మన మీద కేసు పెడతారేమోనమ్మా” అని ప్రెసిడెంటు గారు మెల్లగా అంటే, “అర్జీ మాత్రం ఈ పండితుడి చేత రాయించకండి” అన్నారు. ఎన్నాళ్ళకో అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది. రాళ్ళు మోశాను, ఇసుక జల్లించాను, చేతులు బొబ్బలెక్కాయి. సిమెంటు గట్టిపడ్డాక రంగు వేసే పని నాకే ఇచ్చారు. ప్రెసిడెంటు గారు డబ్బా చేతికిస్తూ, “చూడు, గీతలు గియ్యి. అక్షరాలొద్దు” అన్నారు. గీతలే గీశాను. నా జన్మలో అంత స్పష్టంగా ఏదీ రాయలేదు.

గొడుగు మూసేసరికి సాయంత్రమైంది. బాబాయి టీచరమ్మ గారి వరండాలోకి వెళ్ళి పిన్నిని ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తుకొచ్చి గేటు దగ్గర కూర్చోబెట్టాడు. అందరం చుట్టూ నిలబడ్డాం. మొదటి లారీ వంపు తిరిగింది. తెల్ల గీతలు చూసి బ్రేకులు కీచుమన్నాయి. ముందు చక్రాలు మెల్లగా ఎక్కి, మెల్లగా దిగాయి. డ్రైవరు తల బయటపెట్టి మా అందరినీ ఒక బూతు మాటతో దీవించి వెళ్ళాడు. చప్పట్లు కొట్టారు జనం. పిన్ని ఆ బ్రేకరు వంక, మా సిమెంటు చేతుల వంక, ఖాళీ బస్తాల వంక చాలాసేపు చూసింది. కోపం లేదు ఆవిడ ముఖంలో. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

“ఒక్క పూట పనేనా ఇది?”

 ప్రెసిడెంటు గారు బస్తాలు మడత పెట్టడం మొదలుపెట్టారు. టీచరమ్మ గారు లోపలికి వెళ్ళి కాఫీ పెడతానన్నారు, కానీ కదల్లేదు. బాబాయి కుర్చీ చెయ్యి పట్టుకుని రోడ్డు వంకే చూస్తున్నాడు. “అవును పిన్నీ, ఒక్క పూట పనే” అని చెప్పాల్సింది నేను. అంత చిన్న మాట, అన్నీ తెలుగు మాటలే, నాకు నోరు రాలేదు. ఆ తరవాత ఆవిడ కూడా మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు నాదే ఒక చిన్న షాపు. అర్జీలు రాయించుకోవడానికి ఎవరెవరో వస్తుంటారు. ఏం కావాలో నోటితో చెప్పమంటాను, చెప్పింది చెప్పినట్టు రాసిస్తాను. “ఇంతేనా సార్?” అని కొంతమంది నిరాశపడతారు కూడా. ఒక్కోసారి డాబా మీద ఆ కుర్రాడు కళ్ళ ముందు మెదులుతాడు. రెండు పెన్నులు జేబులో పెట్టుకుని, ‘ఆటంకము’ అన్న మాట దొరికినందుకు చీకటి పడేదాకా తనలో తనే మురిసిపోతూ తిరిగేవాడు. వాడిమీద కోపం తెచ్చుకుందామని చాలాసార్లు చూశాను, చివరికి నవ్వే వస్తుంది. వాడి పక్కకి వెళ్ళి, భుజం మీద చెయ్యేసి, ఒరేయ్ నాయనా, ఆ కాగితం అక్కడ పెట్టి కిందికి దిగరా, సిమెంటు తడుపుదాం అని చెప్పాలనిపిస్తుంది.